క్రొత్త పాటకు పాత అడుగు

కాజీపేట దాటి పడమరగా సాగితే ధర్మసాగర్ వస్తుంది. ఊరిని ఆనుకొని పెద్ద జలాశయం ఉన్నది. ఓరుగల్లు నగరానికి త్రాగునీటిని అందించే జలాశయాలలో అది ఒకటి. దేవాదుల ఎత్తిపోతల పథకం వచ్చినప్పటినుండి గోదావరి నీరు కూడ ఎంతో దూరం ప్రయాణంచేసి అక్కడికి చేరుతున్నది. కొన్ని ఏండ్ల క్రితం సద్దుల బతుకమ్మనాటి సాయంకాలం మేము ఆ నీటి ఒడ్డున ఉన్నాము. తంగేడు, గునుగు, బంతి, కట్లపూలతో పేర్చిన బతుకమ్మలను నేలమీద దించి, చుట్టూ స్త్రీలు వలయంగా నిలిచినారు. ప్రక్కన ఒక ట్రాక్టరు బండిమీద ఎత్తయిన లౌడుస్పీకర్లు పెట్టినారు. ఈ కాలపు జనులు దానిని డీజే అంటున్నారు. అందులోనుండి వస్తున్న పాట పండుగను గూర్చినదే. కాని తాతలనాటి బతుకమ్మ పాట కాదు. యంత్రవాద్యాల హోరుతో సినిమా ఫక్కీలో కట్టిన పాట.

అడుగులు వడివడిగానే పడుతున్నవి. చప్పట్లు మాత్రం ఒక్కచోట పడటంలేదు. ఒక పెద్దామె తన బతుకమ్మను దించి, వలయంలో చేరక వెలుపలనే నిలిచినది. ఆమెకు ఆ పాట నచ్చలేదు కాబోలునని మేము అనుకొన్నాము. పల్లవి ఒకసారి తిరిగి వచ్చేవరకు ఆమె కదలలేదు. తరువాత వచ్చి వలయంలో నిలిచినది. వంగవలసిన చోట వంగినది. చేతులు కలుపవలసిన చోట కలిపినది. ఆమెకు అటూ ఇటూ ఉన్న నలుగురైదుగురు పడుచులు ఆమెను చూచి తమ చప్పట్లను సరిచేసుకొన్నారు. ఆట ముగిసిన తరువాత మేము దగ్గరకు పోయి, "అవ్వా, ఈ పాట నీకు ముందే తెలుసునా?" అని అడిగినాము. "నాకేడ ఎరుక బిడ్డా? ఒక సుట్టు తిరిగొచ్చేదాంక ఇన్న. యాడ ఒంగాల్నో పాటే సెప్తది" అని ఆమె బతుకమ్మను ఎత్తుకొని నీటివైపు నడిచినది.

ఆ మాట మా మనస్సులో నిలిచిపోయినది. అలవాటయిన ఆటను అలవాటులేని పాటకు ఆడితే ఏమవుతుంది? ఆట చెడుతుందా, ఆడేవారి లయజ్ఞానం పెరుగుతుందా? ఈ ప్రశ్న ధర్మసాగర్ చెరువు ఒడ్డున పుట్టినది కాదు. ప్రపంచంలో పెక్కు దేశాల నర్తకులు దీనిని గూర్చి వాదించుకొన్నారు, నేటికీ వాదించుకొంటున్నారు. అంతకంటె విశేషమేమంటే, ఓరుగల్లు సీమలో దాదాపు 770 ఏండ్ల క్రిందటనే ఒక సేనాపతి ఈ ప్రశ్నకు సంబంధించిన గ్రంథం వ్రాసినాడు. కాబట్టి ముందు దూరదేశపు ముచ్చట చెప్పి, తరువాత మన ఇంటికి వస్తాము.

దక్షిణ అమెరికాలో రియో దె లా ప్లాతా అనే మహానది సముద్రంలో కలిసే చోట, ఒక ఒడ్డున అర్జెంటీనా రాజధాని బ్వేనస్ ఐరిస్, మరొక ఒడ్డున ఉరుగ్వే రాజధాని మాంటెవీడియో ఉన్నవి. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో ఈ రేవు పట్టణాల పేదవాడలలో టాంగో అనే నృత్యం పుట్టినది. ఇటలీ, స్పెయిను దేశాలనుండి పొట్ట చేతపట్టుకొని వచ్చినవారు, ఒకప్పుడు ఆఫ్రికానుండి బానిసలుగా తేబడినవారి సంతతివారు, పల్లెలనుండి పట్నం చేరినవారు కలిసి దీనిని పెంచినారు. జర్మనీలో తయారైన బాండోనియన్ అనే తిత్తి వాద్యం ఈ సంగీతానికి ప్రాణమయినది. ఇద్దరు కలిసి ఆడే ఈ నృత్యంలో అడుగుల వరుస ముందుగా నిర్ణయించి ఉండదు. ఒకరు దారి చూపుతారు, రెండవవారు అందుకొంటారు. ఇద్దరికీ దారి చూపేది సంగీతం.

1935 మొదలు 1955 వరకు గల కాలాన్ని టాంగో సంగీతానికి స్వర్ణయుగమంటారు. హువాన్ దారియెన్సో, కార్లోస్ ది సార్లి, అనీబల్ త్రోయిలో, ఓస్వాల్దో పుగ్లియేసే వంటివారి వాద్యబృందాలు ఆ కాలంలో వెలిగినవి. ఆ బృందాలలో సామాన్యంగా డోలు ఉండదు. పియానో, పెద్ద ఫిడేలు, బాండోనియన్ తామే పాటనూ తామే తాళాన్నీ మోస్తవి. అందుచేత నర్తకుడు దెబ్బకు దెబ్బగా అడుగు వేయడానికి వీలులేదు. చెవి పెట్టి వినవలసినదే. ఈనాటికీ టాంగో సభలలో ఎక్కువగా వినవచ్చేవి ఆనాటి పాటలే. మూడు నాలుగు పాటల చొప్పున ఒక వరుస వాయించి, నడుమ వేరొక రకపు సంగీతం కొంచెం వినిపించి, జోడీలు మారడానికి అవకాశమిస్తారు.

ఇక్కడనే చిక్కు వచ్చినది. ఒకే పాటను ఏండ్ల తరబడి వింటూ ఆడినవారికి ఆ పాట ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ లేస్తుందో కంఠస్థమై ఉంటుంది. పాట ఆగినప్పుడు వారు కూడ ఆగుతారు. చూచేవారికి అది గొప్ప లయజ్ఞానంగా తోస్తుంది. నిజానికి అది ధారణాశక్తి. విద్యార్థి పాఠాన్ని అప్పజెప్పడానికీ, క్రొత్త ప్రశ్నకు సమాధానం చెప్పడానికీ ఎంత భేదమున్నదో దీనికీ అంత భేదమున్నది. అందుచేత కొందరు ఉపాధ్యాయులు శిష్యులను పరీక్షించడానికీ, వారి చెవికి పదును పెట్టడానికీ టాంగోకు సంబంధంలేని సంగీతాన్ని వాయించి, దానికి టాంగో అడుగులే వేయమంటారు. అది మరొక దేశపు జానపద గీతం కావచ్చును. నేటి విద్యుద్వాద్య సంగీతం కావచ్చును. తెలిసిన గుర్తులు ఏవీ లేవు కాబట్టి శిష్యుడు వినక తప్పదు. వాక్యం ఎక్కడ ముగిసినదో, ఊపిరి ఎక్కడ తీసుకొన్నదో, ఏ వాద్యం ముందుకు వచ్చినదో వెదుకుకొంటాడు. ఆ తరువాత పాత టాంగో పాటకు మరలి వస్తే, వందసార్లు విన్న పాటలోనే అంతవరకు వినబడని ఫిడేలు వినబడుతుంది.

దీనికి సంప్రదాయవాదులు చెప్పే సమాధానం కూడ త్రోసివేయదగినది కాదు. ఆ సంగీతమూ ఆ అడుగూ ఒకే వాడలో కలిసి పెరిగినవి. ఒకదానినుండి రెండవదానిని వేరుచేస్తే మిగిలేది అంగవిన్యాసం మాత్రమే అని వారి వాదం. ఈ తగవు పెరగడానికి ఆస్తోర్ పియాజోలా అనే మహావిద్వాంసుడు ఒక కారణం. 1921లో జన్మించిన ఈయన త్రోయిలో బృందంలో బాండోనియన్ వాయించినవాడు. 1954లో పారిస్ నగరానికి పోయి నాదియా బూలాంజే అనే గురువు వద్ద పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం అభ్యసించినాడు. తిరిగి వచ్చి 1955లో ఎనిమిదిమందితో ఒక బృందం ఏర్పరచినాడు. ఆయన సంగీతం వినడానికే గాని ఆడటానికి పనికిరాదని నాటి నర్తకులు పెక్కుమంది పెదవి విరిచినారు. 1992లో ఆయన మరణించేనాటికి ఆ సంగీతం ప్రపంచమంతటా వ్యాపించినది. దానికి అడుగు వేసే నర్తకులు కూడ బయలుదేరినారు. 2001లో గోటాన్ ప్రాజెక్ట్ అనే పారిస్ బృందం విద్యుద్వాద్యాలను కలిపి ఒక ఆల్బం వెలువరించిన తరువాత ఈ తగవు మరింత ముదిరినది.

పియాజోలా సంగీతంలో నర్తకులను తికమక పెట్టిన విషయాలలో ఒకదానిని మన పాఠకులు ఇంట్లో కూర్చుండి తెలుసుకోవచ్చును. తొడమీద ఎనిమిది సమమైన దెబ్బలు వేయండి. మొదట "తకధిమి తకజణు" అని నాలుగు, నాలుగుగా పలుకండి. ఇది మనకు పసితనంనుండి అలవాటయిన నడక. ఇప్పుడు చేతి వేగం మార్చకుండా అదే ఎనిమిదిని "తకిట తకిట తక" అని పలుకండి. మూడు, మూడు, రెండు. మొత్తం ఎనిమిదియే, కాని బరువు పడే చోటు మారినది. మొదటి రెండు మూడు ఆవృత్తాలలో చేయి తడబడుతుంది. తరువాత ఒక్కసారిగా నడక దొరుకుతుంది. పియాజోలా రచనలలో తరచుగా వినవచ్చే నడక ఇదియే. మృదంగం ఎరిగినవారికి ఇందులో వింత ఏమీలేదు. వారు ఎనిమిదిని ఎన్ని విధాలుగానో విరుస్తారు. నాలుగు, నాలుగుగా మాత్రమే అడుగు వేయ నేర్చిన కాలికి మాత్రం లెక్క తప్పకపోయినా నేల తప్పినట్లుంటుంది. ఆ తడబాటులోనే చదువు ఉన్నది.

ఇక మన సీమకు వద్దాము. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1199 మొదలు 1262 వరకు ఓరుగల్లును ఏలినాడు. ఆయన తీరాంధ్రాన్ని జయించినప్పుడు దివిసీమను ఏలుతున్న అయ్య వంశంవారితో సంబంధం కలుపుకొని, ఆ వంశపు ఆడపడుచులు నారాంబను, పేరాంబను వివాహమాడినాడు. వారి సోదరుడు జాయప. చక్రవర్తి ఈ బాలుని చేరదీసి, విద్యలు నేర్పించి, గజసైన్యానికి అధిపతిని చేసినాడు. ఈ జాయప సేనాని 1253-54 ప్రాంతంలో సంస్కృతంలో నృత్తరత్నావళి అనే గ్రంథాన్ని పూర్తి చేసినాడు.

ఆ గ్రంథంలో ఎనిమిది అధ్యాయాలున్నవి. మొదటి నాలుగింటిలో మార్గ నృత్యాన్ని, అనగా భరతముని నాటినుండి శాస్త్రబద్ధమై వస్తున్న విధానాన్ని, వివరించినాడు. తక్కిన నాలుగింటిని దేశి నృత్యానికి కేటాయించినాడు. దేశి అంటే ఆయా సీమల జనుల రుచిని, వాడుకను అనుసరించి పెరిగినది. గ్రంథంలో సరిగా సగభాగం దేశికి ఇచ్చిన ఈ నిర్ణయాన్ని మనము గమనించవలెను. పేరణి, ప్రేంఖణం, రాసకం, దండరాసకం, చర్చరి, శివప్రియం, కందుక నర్తనం, చిందు, కోలాటం మొదలైన ఆటలు ఆ భాగంలో కనబడుతున్నవి. ఇందులో చిందు అనే మాట నేటికీ తెలంగాణంలో చిందు యక్షగానం ఆడే కళాకారుల పేరులో నిలిచియున్నది. కోలాటం సంగతి చెప్పనక్కరలేదు.

ఏనుగుల దండును నడిపే అధికారికి ఊళ్ళలో ఆడే ఆటలతో ఏమి పని అని అడుగవచ్చును. ఆ కాలపు తెలుగు సీమ పాటను చూస్తే కారణం తెలుస్తుంది. ధర్మసాగర్‌కు ఒక పూట ప్రయాణంలో ఉన్న పాలకుర్తి పేరుతో ప్రసిద్ధికెక్కిన సోమనాథకవి, ఆ శతాబ్దిలోనే, జనుల నోట వినబడుతున్న పాటల పేర్లను తన కావ్యాలలో పేర్కొన్నాడు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అందులో ఉన్నవి. ఆ కవి స్వయంగా ద్విపదను ఎన్నుకొన్నాడు. అది పాడుకోవడానికి వీలయిన ఛందస్సు. అనగా శాస్త్రం నేర్చిన నర్తకి గుడిమండపం దాటి బయటికి వస్తే చెవినిండా క్రొత్త పాటలే. వాటిని విననట్లు నటించవచ్చును. విని, వాటికి తగిన అడుగు ఏదో తెలుసుకోవచ్చును. జాయప రెండవ మార్గాన్ని శాస్త్రంలో చేర్చినాడు. అయితే మార్గాన్ని ముందు చెప్పి దేశిని తరువాత చెప్పినాడు. ముందు ఒక నడక కాలికి పట్టవలెను. పిమ్మట దానిని ఇతర పాటలమీద నడిపించవలెను. టాంగో ఉపాధ్యాయులు కూడ ఈ వరుసనే పాటిస్తున్నారు. అడుగే రానివానికి క్రొత్త సంగీతం వినిపిస్తే వానికి దక్కేది గందరగోళమే.

ఈ దేశి నృత్యాలలో పేరణి మన విషయానికి మిక్కిలి దగ్గరిది. దేవగిరి యాదవ సింగణుని ఆస్థానంలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరంలోను, జాయప గ్రంథంలోను పేరణికి ఐదు అంగాలు చెప్పబడినవి. వాటిలో గీతం ఒకటి, ఘర్ఘరం మరొకటి. ఘర్ఘరమంటే గజ్జెలను పలికించే విద్య. మడమతో, ముంగాలితో, పాదపు ప్రక్కతో నేలను తాకి గజ్జెలచేత వేరువేరు ధ్వనులు చేయించడం ఇందులోని నేర్పు. ఇక్కడ నర్తకుడు తానే ఒక వాద్యగాడు. మద్దెలవానితో కలిసి వాయిస్తున్నవాడు మద్దెలను వినకుండా ఎట్లుండగలడు? నృత్యాన్ని కంటితో చూచే విద్యగా అందరూ భావిస్తారు. రేడియోలో పనిచేసే మాకు అది చెవికి మాత్రమే అందుతుంది. నృత్య సంగీతాన్ని ధ్వనిముద్రణ చేసేటప్పుడు కనులు మూసుకొని వింటే, ఏ పాదం తాళాన్ని విని పడుతున్నదో, ఏ పాదం వెనుకనుండి పరుగెత్తుకొని వస్తున్నదో గజ్జెలే చెప్పివేస్తవి.

1323లో ఓరుగల్లు పతనమైనది. రాజాశ్రయం పోయినది. పేరణి క్రమంగా కనుమరుగైనది. జాయప గీతరత్నావళి, వాద్యరత్నావళి అనే మరి రెండు గ్రంథాలు కూడ వ్రాసినట్లు పండితులు చెప్తున్నారు. అవి మనకు దక్కలేదు. నృత్తరత్నావళి మాత్రం మిగిలినది. ఆ గ్రంథాన్ని డాక్టర్ వి. రాఘవన్ పరిష్కరించగా 1965లో మద్రాసులో అచ్చయినది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి తెలుగు అనువాదం 1969లో వెలువడినది. అందుచేత ఆట మనకు తెలిసినది. దానితో పుట్టిన పాటను గూర్చిన పుస్తకమూ, వాద్యాన్ని గూర్చిన పుస్తకమూ మాత్రం లేకుండపోయినవి.

మరొక సాక్ష్యం పాలంపేటలో ఉన్నది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన రుద్రేశ్వరాలయాన్ని మనము రామప్ప గుడి అంటాము. 2021లో యునెస్కో సంస్థ దానిని ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేర్చినది. అక్కడి నల్లరాతి మదనికలను, స్తంభాలమీదను దూలాలమీదను చెక్కిన నర్తకులను, వారి ప్రక్కన మద్దెలలు వాయించేవారిని చూచినవారికి కాలు నిలువదు. మోకాలు ఎంత వంగినదో, మోచేయి ఎక్కడ నిలిచినదో ఆ శిల్పాలనుబట్టి కొలిచి చెప్పవచ్చును. మద్దెలమీద చేయి కూడ కనబడుతున్నది. ఆ చేయి ఏ జతిని పలికించినదో మాత్రం రాయి చెప్పదు.

ఇట్టి స్థితిలో నటరాజ రామకృష్ణగారు పేరణిని పునరుద్ధరించడానికి పూనుకొన్నారు. 1923లో జన్మించి 2011లో దివంగతులైన ఈ ఆచార్యులు, జాయప గ్రంథాన్ని ఒక చేతను, రామప్ప శిల్పాలను మరొక చేతను పట్టుకొని, పురుషులు ఆడే పేరిణి శివతాండవాన్ని రూపొందించినారు. 1985 మహాశివరాత్రినాడు రామప్ప గుడివద్ద అది ప్రదర్శింపబడినది. ఆ పని ఎంత కష్టమైనదో ఆలోచించండి. భంగిమలకు ఆధారం ఉన్నది. అడుగుల పేర్లకు ఆధారం ఉన్నది. సంగీతాన్ని మాత్రం జీవించియున్న వాద్యాలనుండి, జీవించియున్న జతులనుండి తిరిగి కూర్చుకోవలసివచ్చినది. మృదంగమూ, శంఖమూ, గంటలూ, నోటితో చెప్పే జతులూ నేటి పేరిణికి ఆధారాలు. అనగా మనము పేరిణి అని గర్వంతో చెప్పుకొనే నృత్యం కూడ పాత అడుగును క్రొత్త సంగీతం మీద నిలిపినదే. ఇది ఆ నృత్యానికి లోపమని మేము అనటంలేదు. అది బ్రతికిన విధానమే అది. తెగిన దారాన్ని కట్టడానికి దొరికిన నూలునే వాడవలెను. కాని ఈ సత్యం తెలిసినవారు, క్రొత్త పాట అనే ఒక్క కారణంచేత ఏ ఆటనైనా నిందించడానికి కొంచెం వెనుకాడవలెను.

ఇప్పుడు తిరిగి బతుకమ్మ దగ్గరకు వస్తాము. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించినది. నాటినుండి ఏటేటా క్రొత్త పాటలు పుట్టుకొనివస్తున్నవి. 2021లో ఏ.ఆర్. రెహమాన్ స్వరపరచిన బతుకమ్మ పాట కూడ వెలువడినది. వీటిలో వినదగినవి ఉన్నవి. క్రొత్త పాట వచ్చినంతమాత్రాన పండుగకు కీడు కలుగుతుందని మేము అనుకోము. జాయపనాటి ఓరుగల్లులో కూడ ప్రతి తరానికీ క్రొత్త పదాలు వచ్చియుండవలెను.

అయితే ధర్మసాగర్ ఒడ్డున ఆ పడుచుల చప్పట్లు ఎందుకు కలవలేదు? పాట వారికి తెలియనిది కాదు; పెక్కుసార్లు విన్నదే. కారణం ఆ పాటలో వారిని వినుమని అడిగే చోటు లేకపోవడమని మాకు తోచినది. పూర్వపు పద్ధతిలో ఒక స్త్రీ ముందు చరణం ఎత్తుకొంటుంది. తక్కినవారు ఉయ్యాలో అనియో, కోల్ అనియో అందుకొంటారు. వలయం పెద్దదై చివరివారు వెనుకబడితే ఎత్తుకొనే ఆమె గొంతును కొంచెం సాగదీసి వారిని కలుపుకొంటుంది. పసిపిల్ల ఎవతెయో నడుమ జొరబడితే నిదానిస్తుంది. పాట ఆటను వింటుంది. ఆట పాటను వింటుంది. యంత్రం ఎవరికొరకూ ఆగదు. దాని తాళం మొదటినుండి చివరివరకు సుత్తి దెబ్బవలె సమానంగా పడుతుంది. కాలు దానిని పట్టుకొని పరుగెత్తుతుంది. చెవికి చేయవలసిన పని ఉండదు. దానికితోడు ఆ హోరులో ప్రక్కనున్నవారి చప్పుడు ప్రక్కనున్నవారికి వినబడదు. టాంగో ఆడేవారిలోను అనుభవజ్ఞులు చెప్పే మాట ఇదియే: విడువకుండా డోలు మోగే సంగీతానికి ఆడితే శిష్యుడు ప్రతి దెబ్బకూ అడుగు వేస్తాడు, ఆగడం మరచిపోతాడు.

కాబట్టి పాత పాటా, క్రొత్త పాటా అని పంక్తులు తీర్చి తగవులాడటంలో ప్రయోజనం తక్కువ. ఆ పాట మనలను వినమంటున్నదా, ఊరక తోలుకొనిపోతున్నదా అన్నది చూడవలసిన విషయం. వినమనే పాట పరాయిదైనా మన అడుగును బలపరుస్తుంది. తోలుకొనిపోయే పాట మనదే అయినా అడుగును మొద్దుబారుస్తుంది. వందసార్లు పాడిన తాతలనాటి పాటను కూడ మనస్సు పెట్టక పాడితే అదికూడ మనలను తోలుకొనిపోయేదే అవుతుంది.

ఆ పెద్దామె క్రొత్త పాటను వెంటనే పట్టుకోగలిగినదంటే అందుకు వెనుక ఒక ఆస్తి ఉన్నది. ఆమె యంత్రంలేని వలయాలలో ఏండ్ల తరబడి ఆడినది. ఒక చప్పటి ఆట, రెండు చప్పట్ల ఆట, మూడు చప్పట్ల ఆట ఆమె కాలికీ చేతికీ తెలుసును. జాయప మొదటి నాలుగు అధ్యాయాలవలె అది ఆమెకు మార్గం. ఆ మార్గం ఉన్నందున ఏ దేశి వచ్చినా ఆమెకు భయంలేదు. ప్రక్కనున్న పడుచులకు ఆ మొదటి భాగం అందకుండానే రెండవ భాగం చేతికి వచ్చినది. తప్పు వారిది కాదు. నేర్పవలసినవారు నేర్పలేదు, నేర్చుకొనే తీరిక ఎవరూ ఇవ్వలేదు.

ఇందులో పోయేది ఏమిటని కొందరు అనవచ్చును. గీతరత్నావళి, వాద్యరత్నావళి పోయినప్పుడు కూడ ఆ నాటివారికి ఏమి పోతున్నదో తెలిసియుండదు. ఏడు శతాబ్దాల తరువాత ఒక ఆచార్యుడు రాతిబొమ్మల ముందు నిలిచి, ఈ మద్దెల ఏమి పలికినదని వెదుకుకొనవలసివచ్చినది. అవ్వకు తెలిసిన చరణాలను, ఆమె గొంతు సాగదీసే చోటును, ఆ చోట వలయం ఆగే తీరును చెప్పే గ్రంథం ఏదీలేదు. అవి ఆమెతోనే ఉన్నవి.

అందుచేత మా శ్రోతలకు రెండు మనవులు. మొదటిది చాల సులభం. ఇంట్లో రేడియోలో ఎన్నడూ వినని పాట వచ్చినప్పుడు, అది ఏ దేశపుదైనా సరే, పల్లవి ఒకసారి తిరిగి వచ్చేవరకు చేయి కదపకుండా వినండి. రెండవసారి పల్లవి వచ్చినప్పుడు పిల్లలతో కలిసి చప్పట్లు వేయండి. ఎక్కడ ఆగవలెనో పాటే చెప్తుంది. ఒకటి రెండు వారాలు ఇట్లు చేస్తే తెలిసిన పాటలు కూడ క్రొత్తగా వినబడుట మీరే గమనిస్తారు.

రెండవ మనవి బతుకమ్మ దినాలకు సంబంధించినది. పెత్తరామాసనాటి ఎంగిలిపూలు మొదలు దుర్గాష్టమినాటి సద్దులవరకు ఆడే ఆట తొమ్మిది రోజులది. అందులో ఒక్క సాయంకాలం, ఒక్క గంటసేపు, యంత్రాన్ని ఆపివేయండి. ఊళ్ళో పాట ఎత్తుకోగల పెద్దామెను నడుమ నిలుపండి. పడుచులు చుట్టూ నిలిచి ఆమె గొంతును అనుసరించండి. ఈనాడు ఇంటింటా ఉన్న చేతిఫోనులో ఆ గంటసేపటి పాటను, చప్పట్లతోసహా, పదిలంచేయండి. తక్కిన రోజులు మీ ఇష్టం వచ్చిన పాటకు ఆడండి. ఆ ఒక్క గంట ఆట కాలికి పట్టిన పడుచు, మరుసటి సాయంకాలం ట్రాక్టరుమీది పాట మొదలైనప్పుడు, ఆ అవ్వవలె ఒక చుట్టు విని వలయంలోకి వస్తుంది.